రూపాయి వడ్డీకి అప్పిచ్చి డిపాజిట్ అనుకున్నవాళ్లకు

నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఈ లెక్క మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. అదే 12 శాతాన్ని పీటూపీ (పీర్-టు-పీర్) యాప్‌లు, అంటే బ్యాంకు లేకుండా ఒక మనిషి డబ్బును మరో మనిషికి అప్పుగా ఇప్పించే యాప్‌లు, ఫోనులో ఆకుపచ్చ అంకెల్లో చూపించి, కింద ‘ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు’ అని రాసేసరికి, ఇచ్చింది అప్పు అన్న సంగతే చాలామంది మరిచిపోయారు.

ఊళ్లో వడ్డీకి ఇచ్చే మనిషి ఊరికే ఇస్తాడా? అడిగినవాడికి పొలం ఎంత ఉంది, పాత బాకీలు ఎన్ని, మాట మీద నిలబడే రకమేనా అని నలుగురిని వాకబు చేస్తాడు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించి ప్రామిసరీ నోటు రాయించుకుంటాడు. మూడేళ్లు దాటకముందే నోటు తిరగరాయిస్తాడు. ఇంత చేసినా కొన్ని మొండిబాకీలు తప్పవు. మరి పీటూపీ యాప్‌లో లక్ష వేసినవాళ్లు ఎవరి ముఖం చూశారు? ఆ లక్షను ముక్కలు చేసి ఎక్కడెక్కడివాళ్లకో పంచింది యాప్. వాళ్ల పేర్లన్నీ చదివిన ఓపికమంతులు ఎవరైనా ఉంటే చెప్పండి, దండం పెడతాను.

2017లో నిబంధనలు పెట్టినప్పుడే రిజర్వ్ బ్యాంకు చెప్పింది: ప్లాట్‌ఫారం, అంటే ఈ యాప్ నడిపే కంపెనీ, మధ్యవర్తి మాత్రమే, అప్పులకు అది హామీ ఉండకూడదు. ఒకరు ఒకరికి 50 వేలు మించి ఇవ్వకూడదు, గడువు 36 నెలలు దాటకూడదు. కొన్ని కంపెనీలు దీన్నే డిపాజిట్ పథకంలా అమ్ముకున్నాయి. వెళ్లిపోతానన్నవాడికి కొత్తగా వచ్చినవాడి డబ్బు సర్దే పద్ధతి అలాగే పుట్టింది. 2024 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు దాన్ని ఆపించి, నష్టం వస్తే మొత్తం అప్పిచ్చినవాడిదేనని స్పష్టంగా చెప్పి తీరాలంది. అంతే, ‘బంగారంలాంటి పెట్టుబడిని చంపేశారు’ అని గోల!

చంపిందేమీ లేదు, ముసుగు తీసిందంతే. చైనాలో ఈ-జుబావో అనే పీటూపీ కంపెనీ కుప్పకూలినప్పుడు సుమారు 9 లక్షల మంది డబ్బు చిక్కుకుంది. అది చూపించిన పథకాల్లో ఎక్కువ భాగం కల్పితాలని తర్వాత తేలింది. 2020 చివరికి ఆ దేశంలో ఇలాంటి ప్లాట్‌ఫారం ఒక్కటీ మిగలలేదు.

నేను పీటూపీకి వ్యతిరేకిని కాను. జీతం స్లిప్పు లేదని బ్యాంకు తిప్పి పంపిన చిన్న దుకాణదారుకు ఇది అక్కరకొస్తుంది. కాకపోతే మనకు రూపాయి వడ్డీ వస్తోందంటే అతను కట్టేది రెండు రూపాయలు కావచ్చు, ఆ పైన కూడా కావచ్చు. అంత వడ్డీకి ఎవరు ఒప్పుకుంటారో, ఎందుకు ఒప్పుకుంటారో కాస్త ఆలోచించాలి కదా!

మొండిబాకీల వాటా ఎంతో ప్రతి ప్లాట్‌ఫారం నెలనెలా తన వెబ్‌సైటులో పెట్టాలని నిబంధన ఉంది. ‘అన్నా, ఇందులో వేయమంటావా?’ అని అడిగే తమ్ముళ్లు ముందు ఆ పేజీ తెరిచి చూసి, తర్వాత నాకు ఫోను చేయండి.