మామగారి నోట్లు, అల్లుడి పాయింట్లు

మా తోడల్లుడికి డబ్బు తీయాలంటే ప్రాణం మీదకు వస్తుంది. కార్డు గీకాలంటే మాత్రం పండగ. రెండూ ఒకటే కదా అని ఎవరైనా అంటే, అన్నవాళ్ల వంక జాలిగా చూస్తాడు. జేబులోంచి తీస్తే పోయేది డబ్బు, కార్డు గీకితే వచ్చేది పాయింట్లు అని ఆయన సిద్ధాంతం. పర్సులో కార్డులు పేకముక్కల్లా సర్దుకుని ఉంటాయి. పెట్రోలుకి ఒకటి, సరుకులకి ఒకటి, కరెంటు బిల్లుకి ఒకటి. ఏ కార్డు ఏ తారీఖున బిల్లు వేస్తుందో నోటికి వచ్చు. పెళ్లిరోజు మాత్రం ఏటా మా వదినే గుర్తు చేస్తుంది.

నలుగురం కలిసి నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ హోటలుకి పోయినా, చేపల పులుసు తిన్న చెయ్యి కడుక్కోకముందే ఎడం చేత్తో కార్డు తీస్తాడు. 'బిల్లు నేనిస్తా, మీ వంతు నాకు ఫోన్‌పే కొట్టండి' అంటాడు. కొత్తగా పరిచయమైనవాళ్లు ఎంత పెద్ద మనసో అనుకుంటారు. మేము మాత్రం పులుసులో కలిపేముందే లెక్కేసుకుంటాం.

ఉన్నమాట చెప్పాలి, ఎవరికీ బాకీ పెట్టడు. గడువుకి ముందే బిల్లు మొత్తం కట్టేస్తాడు. కనీస మొత్తం కట్టి మిగతాది పై నెలకు తోసేవాళ్ల సంగతి వేరు. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, కలిపితే ఏడాదికి 40 శాతం దాటుతుంది. "వాళ్లు అట్టా కడతా ఉంటేనే తమ్ముడూ, మనకి పాయింట్లు" అని ఒకసారి మిరపకాయ బజ్జీ కొరుకుతూ చెప్పాడు. ఆ వాళ్లలో మా ఆఫీసు అటెండరు ఒకడు. కూతురి కాలేజీ ఫీజు కార్డు మీద కట్టాడు. కనీస మొత్తం కట్టుకుంటూ పోతున్నాడు, అసలు అట్టాగే ఉంది. ఆ రోజు నాకు బజ్జీ గొంతు దిగలేదు.

మామగారి షష్టిపూర్తి దగ్గరికి వచ్చింది. మామగారిది బుచ్చి దగ్గర పల్లె. వరి పండిస్తాడు, ధాన్యం అమ్మిన డబ్బుతోనే ఏదైనా చేస్తాడు, ఒకరికి పైసా బాకీ ఉన్నానంటే ఆ రాత్రి నిద్రపోడు. సరుకుల కోసం 40 వేలు రబ్బరు బ్యాండు వేసి పెద్దల్లుడి చేతిలో పెట్టి, "ఎంతయితే అంత లెక్కబెట్టి ఇచ్చేయండయ్యా. శుభమా అని చేసుకుంటున్నాం, అప్పు అనే మాట వద్దు" అన్నాడు.

పెద్దల్లుడు ఆ కట్టను భక్తిగా కళ్లకద్దుకుని, సాయంత్రానికల్లా బ్యాంకులో వేసి, అక్కణ్ణుంచి లిక్విడ్ ఫండులోకి, అంటే కొద్దిరోజులకి డబ్బు దాచుకునే మ్యూచువల్ ఫండులోకి, పంపించేశాడు. కార్డు మీద సరుకులు కొంటే 45 రోజుల దాకా కట్టక్కర్లేదట. అందాకా మామ డబ్బు ఫండులో కూర్చుంటే మూడొందల చిల్లర గిట్టుతుందట. మూడు నెలల్లో లక్షన్నర గీకితే ఒక వోచరు ఇస్తారు, దానికి 36 వేలు తక్కువ పడ్డాయి, అదీ నిండుతుంది. పాయింట్లు సరేసరి. దారి పొడుగునా ఇదే చెప్పుకుంటూ స్టోన్‌హౌస్‌పేటకి తీసుకెళ్లాడు. ఆ రోజు శనివారం, భోజనాలు ఆదివారం మధ్యాహ్నం.

కందిపప్పు, నూనె డబ్బాలు, చింతపండు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు. జీడిపప్పు దగ్గర గుండు బద్దా అని ఒక పావుగంట. అంతా కట్టి, ట్రాలీ ఆటోకి ఎక్కించి, అంగడాయన చీటీ కింద గీత గీశాడు. 38,240 రూపాయలు. మా తోడల్లుడు కార్డు తీశాడు.

అంగడాయన పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు. "కార్డయితే నూటికి రెండు రూపాయలు పడతాయి సామీ."

ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మా తోడల్లుడు ఫోను తీశాడు. అందులో రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఉత్తర్వు భద్రంగా ఉంది. కార్డు చార్జీని వ్యాపారి కొనేవాడి మీద వేయకుండా బ్యాంకులు చూసుకోవాలని అందులో ఉంది. గొంతు సవరించుకుని చదివి వినిపించాడు. అంగడాయన కళ్లజోడు పైకి తోసి, ఓపిగ్గా విని, స్క్రీను మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ డెబిట్ కార్డు అని ఉండాది. మీది ఏంది?"

"క్రెడిట్."

"మరి?"

తర్వాత ఆయన చెప్పిన లెక్క నేను ఇంకా మర్చిపోలేదు. "నూనె డబ్బా మీద నాకు నూటికి మూడు రూపాయలు మిగలతాయి. రెండు ఆ మిషనుకి పోతే, నేను అంగడి తెరిచేది దేనికి, మిషనుకి కాపలా కాసేదానికా? ఆ రెండిట్లో పెద్ద ముక్క ఎవరికి పోతాది? మీకు కార్డిచ్చిన బ్యాంకుకే. అందులోంచి మీకు చిటికెడు పాయింట్లని విదిలిస్తారు. నా డబ్బు మీకిచ్చి, మీ చేత వాళ్లకి దండం పెట్టించుకుంటా ఉండారు."

"అట్టయితే ధరలో కలుపుకోవచ్చు కదా?" అన్నాడు మా తోడల్లుడు.

పక్కన ఒక ముసలమ్మ అరకిలో కందిపప్పు కట్టించుకుని, కొంగు ముడి విప్పి నోట్లు తీస్తోంది. అంగడాయన ఆమె వైపు గడ్డం చూపించాడు. "కలిపితే ఆమె కూడా మీ పాయింట్లకి కట్టాల. చెప్పమంటారా ఆమెకి?"

ఇది స్టోన్‌హౌస్‌పేటలో పుట్టిన తగువేం కాదు. అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో ఈ లెక్కే వేశారు. కార్డుకీ నోటుకీ ఒకే ధర కావడం వల్ల, నోట్లతో కొనే ఒక్కో కుటుంబం ఏడాదికి సగటున 149 డాలర్లు చేతి నుంచి పెట్టుకుంటోందనీ, కార్డు వాడే ఒక్కో కుటుంబానికి 1,133 డాలర్లు కలిసి వస్తోందనీ తేల్చారు. ఐరోపా వాళ్లు 2015లో క్రెడిట్ కార్డు మీద బ్యాంకు తీసుకునే వాటాని 0.3 శాతానికి కట్టేశారు. మన దగ్గర యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి నుంచి వ్యాపారి మీద చార్జీ లేదు కాబట్టి అమెరికా అంత అన్యాయం ఉండకపోవచ్చు. కానీ క్రెడిట్ కార్డు దగ్గరికి వచ్చేసరికి కథ అదే. నా మటుకు నేను పెద్ద మాల్లో కార్డు గీకడానికి వెనకాడను. బ్యాంకుతో బేరమాడే సత్తా వాడికుంది, నేను నోట్లిచ్చినా ధర తగ్గించడు. మూడు రూపాయల మీద బతికే అంగట్లో మాత్రం చెయ్యి రాదు. దీన్ని నీతి అనాలో, మొహమాటం అనాలో నాకే తెలియదు.

మా తోడల్లుడికి ఆ రెండూ లేవు. బేరమాడి రెండు శాతాన్ని ఒకటికి దించాడు. అంగడి మూసే వేళయింది, సరే గీకండి అన్నాడు అంగడాయన. గోనెసంచి కింద నుంచి మిషను తీసి, దుమ్ము దులిపి, సిగ్నలు కోసం వీధిలోకి చెయ్యి చాపి పట్టుకున్నాడు. మిషను ఆలోచించి ఆలోచించి, చెల్లదంది.

ఇంతలో ఫోను మోగింది. 'మీ కార్డు మీద ఇప్పుడే జరిగిన కొనుగోలు మీరు చేసిందే అయితే ఒకటి నొక్కండి' అని ఒక ఆడగొంతు. మా తోడల్లుడు ఠక్కున కట్ చేసి మా అందరి వైపూ తిరిగాడు. "చూశారా? సైబర్ దొంగలు! ఒకటి నొక్కామంటే ఖాతా ఖాళీ. నేనా పడేది?" అక్కడున్న హమాలీలకి కూడా ఐదు నిమిషాలు జాగ్రత్తలు చెప్పాడు. మళ్లీ ఫోను వచ్చింది, మళ్లీ కట్ చేశాడు. మళ్లీ గీకాడు, మళ్లీ చెల్లలేదు. అప్పుడొచ్చింది మెసేజి: మీకు రెండుసార్లు ఫోను చేశాం, స్పందన లేదు, మీ భద్రత కోసమే కార్డు తాత్కాలికంగా ఆపేశాం.

"ఇంకో కార్డు తియ్యన్నా" అన్నాను. ఒకటి పెట్రోలుది, సరుకులకు పాయింట్లు రావు. ఇంకోదాని లిమిటు అయిపోయింది. మూడోదానికి రేపే బిల్లు పడుతుంది, ఇవాళ గీకితే ఇరవై రోజుల్లో కట్టాలి, 'దండగ కదా తమ్ముడూ'. ఖాతాలో చూస్తే ఆరొందలు. ఫండు డబ్బు ఇప్పుడు అడిగినా పనిదినం వస్తే గానీ రాదు. నెలాఖరు కాబట్టి నా ఖాతా గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అవతల వంటమేస్త్రి ఫోను మీద ఫోను. "పప్పు నానేసేది ఎప్పుడు? పెళ్లికొడుక్కి ఎనభై వచ్చినాకనా?"

చివరికి అంగడాయనే విసుగెత్తి, "మీది ఏ ఊరు?" అన్నాడు. మామగారి పేరు చెప్పాం. ఆయన మొహం విప్పారింది. "ఆయన అల్లుళ్లా? ముందే చెప్పకూడదా! నాకూ శుభలేఖ వచ్చిందే." ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, కొత్త పేజీ తిప్పి, పైన శ్రీ చుట్టి, కింద మామగారి పేరు రాశాడు. పేరుకి ఎదురుగా 38,240. అయ్యో వద్దండీ అనేలోగా ట్రాలీ ఆటో కదిలింది.

"వడ్డీ లేదు, చార్జీ లేదు, గడువు తేదీ కూడా లేదు తమ్ముడూ!" అన్నాడు మా తోడల్లుడు ఆటో వెనక బండి నడుపుతూ. కొత్త కార్డు దొరికినంత సంబరం.

ఆదివారం అంతా బాగానే జరిగింది. మామగారూ అత్తగారూ దండలు మార్చుకున్నారు, అక్షింతలు పడ్డాయి, పిల్లలు ఫొటోలకి అడ్డం పడ్డారు. అంగడాయన పట్టు కండువా వేసుకుని వచ్చాడు. పైకెక్కి, కవరు చేతిలో పెట్టి, మామగారి చెవి దగ్గరికి వంగాడు. పాపం, ఆయన గుట్టుగానే చెప్పాడు. పురోహితుడి మైకు మాత్రం ఆపలేదు.

"డబ్బుకేం తొందర లేదు సామీ. నిమ్మళంగా పంపిద్దురు గాని."

పందిరంతా వినపడింది. మామగారు, "ఏ డబ్బు?" అన్నాడు. అదీ వినపడింది. మా తోడల్లుడు అప్పటిదాకా నెయ్యి వడ్డిస్తున్నాడు. ఒక విస్తట్లో గరిటె ఆగిపోయి, ఆ విస్తరి ఆయనకి పప్పు కంటే నెయ్యి ఎక్కువైంది.

సాయంత్రం అరుగు మీద పంచాయితీ. లిక్విడ్ ఫండు, నలభై ఐదు రోజులు, వోచరు, ఎయిర్‌పోర్టులో ఉచిత టిఫిను, అన్నీ చెప్పాడు పెద్దల్లుడు. మామగారు తలాడిస్తూ విన్నాడు.

"నేనిచ్చినవి మంచి నోట్లే కదయ్యా?"

"మంచివే మామా."

"వాటికి పాయింట్లు రావా?"

"రావు."

"రానందుకా నా పేరు అప్పు పుస్తకంలో రాయించినావు?"

సోమవారం తెల్లారగానే తలపాగా చుట్టుకుని స్టోన్‌హౌస్‌పేటకి బయల్దేరాడు మామగారు. ఫండు డబ్బు ఇంకా పడలేదు. అయినా మా తోడల్లుడి మొహంలో దిగులు లేదు. ఇంటి బీరువాలో పడున్న రూపే క్రెడిట్ కార్డుని రాత్రికి రాత్రి యూపీఐలో ఎక్కించాడు. చిన్న వ్యాపారులకి అందులో 2,000 దాకా చెల్లింపు మీద చార్జీ ఉండదు. అంగడాయనకి పైసా పోదు, తనకి పాయింట్లకి పాయింట్లు. న్యాయమూ ధర్మమూ రెండూ కలిసొచ్చాయని నాకు దారిలో రెండుసార్లు చెప్పాడు.

మామగారు శనగల బస్తా మీద కూర్చున్నాడు. మా తోడల్లుడు స్కాన్ చేశాడు. 'రెండు వేల రూపాయలు అందాయి' అని సౌండు బాక్సు అరిచింది. మళ్లీ స్కాన్ చేశాడు. రెండు వేల రూపాయలు అందాయి. మళ్లీ. సరుకులకి వచ్చినవాళ్లు సంచులు కింద పెట్టి చూస్తున్నారు. ఏడోసారి అరిచాక మామగారు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా అల్లుడూ, మనం వాయిదాల మీద కడతా ఉండామా?"

అంగడాయన వేళ్లు మడిచి లెక్కేసి, లోపలికి కేకేశాడు. "ఇంకా పన్నెండు ఉండాయి, ఆ పైన చిల్లర. పెద్దాయనకి మజ్జిగ తీసుకురా."