సవరణ: చైన్‌సా ఐడిల్‌లో ఆగిపోతుంటే

ఐడిల్‌లో, అంటే ట్రిగ్గర్ నొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, చైన్‌సా ఆగిపోతుంటే కార్బురేటర్ (ఇంజిన్‌కు గాలి, పెట్రోలు కలిపి పంపే భాగం) మీది ‘టి’ స్క్రూను, అంటే ఐడిల్ వేగాన్ని సర్దే స్క్రూను, కుడివైపు తిప్పమని నిన్నటి పోస్టులో ఉంది. అయితే ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజిన్ వేడెక్కాకే ఆ పని చేయాలి. కొన్ని మోడళ్లలో దానికే ‘ఎల్‌ఏ’ అని గుర్తు ఉంటుంది. అది వేగాన్నే మారుస్తుంది. ఐడిల్‌లో గాలిలో కలిసే పెట్రోలు మోతాదు చూసేది ‘ఎల్‌’ స్క్రూ.

ట్రిగ్గర్ వదిలినా చైన్ తిరుగుతుంటే ‘టి’ని ఎడమకు తిప్పండి. ఇంజిన్ ఆగిపోయేంత తగ్గించినా చైన్ కదులుతూనే ఉంటే కార్బురేటర్‌ను వదిలేసి క్లచ్ స్ప్రింగ్ చూడండి. ట్రిగ్గర్ వదిలాక వేగం వెంటనే దిగకుండా గీపెడుతుంటే మాత్రం ఇన్‌టేక్ రబ్బరు (కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపేది) దగ్గరో, క్రాంక్ సీళ్ల (ఇంజిన్ షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు సీళ్ల) దగ్గరో గాలి లీకవుతోందేమో చూడాలి. లీకును అలాగే ఉంచి స్క్రూలతో సర్దేస్తే పిస్టన్ పట్టేయొచ్చు, అసలు ఖర్చంతా అక్కడే! ‘హెచ్‌’ స్క్రూ ఐడిల్ కోసం కాదు, దాన్ని ముట్టుకోకండి.