సవరణ: ఏఆర్-వి7 రక్తపరీక్ష గురించి

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మందు ఎంపికకు పనికొచ్చే రక్తపరీక్షల గురించిన పోస్టులో "ఏఆర్-వి7 పాజిటివ్ అయితే అబిరటెరోన్, ఎంజలుటమైడ్ పనిచేయవు" అని ఉంది. "పనిచేసే అవకాశం బాగా తక్కువ" అని చదువుకోండి. ఏఆర్-వి7 అంటే క్యాన్సర్ కణాల్లో మగ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ (ఏఆర్) మారిన రూపం; ఆ రెండు మందులూ మగ హార్మోన్ పనిని అడ్డుకునేవి.

పోస్టులోని ఆ మాటకు ఆధారం 2014లో వచ్చిన జాన్స్ హాప్కిన్స్ అధ్యయనం. ఒక్కో మందుకు 31 మంది చొప్పున తీసుకున్నారు. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్లో ఏఆర్-వి7 దొరికిన 18 మందిలో ఒక్కరికీ పీఎస్‌ఏ (జబ్బు తీరు తెలిపే, రక్తంలో కొలిచే ప్రొటీన్) సగానికి పడలేదు. తక్కువమంది మీద చూసిన లెక్క అది. తర్వాతి అధ్యయనాల్లో కొద్దిమందికి పడింది కూడా. నెగెటివ్ వచ్చినంత మాత్రాన మందు పనిచేసి తీరుతుందనీ కాదు.

ఇదంతా హార్మోన్ చికిత్సకు లొంగని దశ సంగతి. ఈమధ్యే జబ్బు బయటపడి హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన నాన్నగారికి ఈ పరీక్ష చేయించాలా అని అడిగారు కొందరు. అక్కర్లేదండీ, డబ్బు దండగ.

ఒలాపరిబ్ అనే ఇంకో క్యాన్సర్ మందు పనికొస్తుందా అని చూడడానికి, రక్తంలోకి వచ్చిన కణితి డీఎన్‌ఏలో బీఆర్‌సీఏ జన్యువుల మార్పు వెతికేది వేరే పరీక్ష. కణితి డీఎన్‌ఏ రక్తంలోకి తగినంత రాకపోతే ఉన్న మార్పు కూడా దొరకదు. పీఎస్‌ఏ అణిగి ఉన్నప్పుడు ఇది మామూలే. రిపోర్టులో "కనబడలేదు" అని వస్తే అక్కడితో వదిలేయకుండా, బయాప్సీ చేసిన ల్యాబులో మైనపు బ్లాకు (మైనంలో దాచిన కణితి ముక్క) ఉందేమో కనుక్కొని, దాని మీద పరీక్ష చేయించే సంగతి డాక్టరుగారిని అడగండి. ఇదే రక్తపరీక్షలో ఏటీఎం అనే మరో జన్యువులో మార్పు కనబడితే ఇంకో చిక్కు: వయసు మీరినవారిలో అది కణితిది కాకుండా మామూలు రక్తకణాలదే కావచ్చు.