అగ్రికల్చర్ బీఎస్సీ దండగ అన్న సందేశంలో నిజమెంత?

ఈఏపీసెట్ ర్యాంకులు వెలువడే రోజుల్లో బైపీసీ విద్యార్థుల తల్లిదండ్రుల ఫోన్లకు ఒక సందేశం తప్పకుండా చేరుతుంది. ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ చదవడం దండగ అని, రైతు బిడ్డకు పుట్టుకతో తెలిసిన పనినే అక్కడ నాలుగేళ్లు నేర్పుతారని, మెడిసిన్ సీటు రానివాళ్లే అందులో చేరతారని, సర్కారు కొలువు దొరకకపోతే చివరికి నాగలి పట్టక తప్పదని దాని సారాంశం. ఇందులో ఒక మాటలో కొంత నిజం ఉంది, దాని వంతు వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

మొదటిది, రైతు బిడ్డకు తెలిసిందే నేర్పుతారన్న మాట. నాట్లు వేసిన మూడు నాలుగు వారాలకు వరి గిడసబారి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే, తెగులు సోకిందనుకుని మందుల దుకాణానికి పరుగెత్తడం మన ఊళ్లలో మామూలే. అది జింకు లోపమైతే తెగులు మందు ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు. ఏటా అవసరానికి మించి డీఏపీ వేస్తూ వస్తే నేలలో పేరుకున్న భాస్వరం జింకును మొక్కకు సరిగా అందనివ్వదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది. పైరులో ఏదో తేడా ఉందని ముందు పసిగట్టేది తండ్రే, అందులో సందేహం లేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగే చదువు మాత్రం పుట్టుకతో రాదు.

పోనీ, అక్కడ నేర్పేది పొలం పనేనా అంటే, జన్యుశాస్త్రం, కీటకశాస్త్రం, తెగుళ్ల శాస్త్రం, నేల రసాయనం, గణాంకశాస్త్రం, వ్యవసాయ అర్థశాస్త్రం కూడా ఆ నాలుగేళ్లలోనే ఉన్నాయి. పొలం పని లేదని కాదు. విద్యార్థులు తమకిచ్చిన చిన్న మడిలో విత్తు నుంచి కోత దాకా తామే పైరు పెంచి, ఖర్చెంత, మిగులెంత అని లెక్క రాసి చూపాలి. చివరి ఏడాది ‘రావెప్’ అని పిలుచుకునే గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండి, రైతులను చుట్టూ కూర్చోబెట్టుకుని, రంగు ముగ్గులతో నేల మీద ఊరి పటం గీస్తారు. చెరువు ఎక్కడుందో, ఏ పొలానికి నీరు అందడం లేదో ఆ పటంలో దిద్దేది రైతులే. దీన్ని దుక్కి దున్నడం అంటే ఎలా?

మెడిసిన్ రానివాళ్లు చేరతారన్నది చాలామంది విషయంలో జరిగేదే. చేరిన కారణం చదువు విలువను తేల్చదు గనుక ఆ వాదనకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో మొదలయ్యాయి. ఈ విశ్వవిద్యాలయాలకు సొంత పరిశోధన స్థానాలు ఉండడం కొత్తగా పుట్టిన ప్రైవేటు కళాశాలలకు అంత తేలిగ్గా అబ్బని బలం. మార్టేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి అలాంటి పరిశోధన స్థానాల్లో పుట్టిన వరి వంగడాలే. సందేశం రాసినాయన ఇంట్లో కూడా బహుశా సన్నబియ్యమే వండుతారు.

ఇక కొలువుల సంగతి. ప్రభుత్వ నోటిఫికేషన్లు సకాలంలో రావడం లేదన్నది, వచ్చినప్పుడు పోటీ విపరీతంగా ఉంటుందన్నది వాస్తవం. మండల వ్యవసాయ అధికారి పోస్టునే నమ్ముకుని ఏళ్ల తరబడి ఎదురుచూసినవారి బాధ తేలిగ్గా తీసిపారేసేది కాదు. తప్పల్లా సర్కారు కొలువు, నాగలి తప్ప మూడో దారి లేదనడంలో ఉంది. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులకు వ్యవసాయ, అనుబంధ డిగ్రీలే అర్హత. భారత అటవీ సర్వీసు పరీక్షకు ఈ పట్టా సరిపోతుంది. సొంతంగా నిలబడదలచుకున్నవారికి రైతులకు సలహాలు, సేవలు అందించే కేంద్రం పెట్టుకోవడానికి 2002లో మొదలైన అగ్రి క్లినిక్‌ల పథకం ఉంది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ (మేనేజ్) పర్యవేక్షణలో శిక్షణ పొంది బ్యాంకు రుణం తీసుకుంటే, నిబంధనల మేరకు 36 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం రాయితీ వర్తిస్తుంది. ఇప్పుడు పురుగుమందుల దుకాణం కొత్తగా తెరవాలన్నా లైసెన్సుకు సంబంధిత చదువు చూపించాలి. జింకు లోపాన్ని తెగులనుకుని వచ్చిన రైతుకు, ఈ మందు నీకు పనికిరాదని చెప్పగలిగిన మనిషి ఆ గల్లాపెట్టె వెనుకే కూర్చోవచ్చు.