చూపుతో చేయించిన ఓవర్‌టైమ్‌కు సాక్ష్యం ఎవరు?

"మంచి ఉద్యోగికి బాస్ నోరు విప్పి చెప్పనక్కర్లేదు" అనే ఫార్వర్డ్ ఈ వారం నాకు ఒంగోలు బంధువుల గ్రూపులో వచ్చింది, నెల్లూరు కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అపార్ట్‌మెంటు గ్రూపులోనూ వచ్చింది. పంపినవాళ్లలో ఎక్కువమంది ఎవరో ఒకరి కింద పనిచేసేవాళ్లే. అందుకే ఇంకా మండుతోంది. అందులో ఉన్నవి ఐదు మాటలు. కంటి సైగతోనే పని అందుకోవాలి. పొద్దున్నే నవ్వుతూ పలకరించాలి. జీతం పెంచమని అడక్కూడదు, మంచి బాస్ తనే గుర్తిస్తాడు. గడియారం చూడకూడదు. పని పడినప్పుడు మౌనమే అంగీకారం.

పలకరింపు సంగతి వదిలేద్దాం. నవ్వొస్తే నవ్వుతారు.

జీతం అడక్కూడదట. ఇంటి ఓనరు అద్దె పెంచేటప్పుడు నోరు విప్పే అడుగుతాడు, స్కూలువాళ్లు ఫీజు నోరు విప్పే అడుగుతారు. కూలోడు ఒక్కడే నోరు మూసుకోవాలా?

గడియారం, మౌనం, ఈ రెండూ నిజానికి ఒకటే. జనాన్ని ముంచేది ఇదే.

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో నేను క్వాలిటీ సెక్షన్లో చేశాను. చెరువులో రొయ్యలు ఎప్పుడు పట్టుకుంటే లోడు అప్పుడొస్తుంది. ఐసులో పెట్టినా రొయ్య ఎంతోసేపు ఆగదు, తలకాయ నల్లబడుతుంది. షిఫ్టు అయ్యేవేళ లోడు దిగితే ఎవరో ఒకరు ఉండాల్సిందే, దాన్ని కాదనను. ఆ ఉండడం ఎట్టా జరుగుతుందో వినండి. సూపర్‌వైజరు ఉండమని అడగడు. బస్సు దగ్గరికి పోయే దారిలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తాడు, అంతే. గ్లోవ్స్ తీసేసిన ఆడవాళ్లు మళ్లీ తొడుక్కుంటారు. ఐసు నీళ్లలో నాని వేళ్లు తెల్లగా ముడతలు పడుంటాయి, తడి గ్లోవు ఎక్కదు, పక్కనున్నామె పట్టి లాగుతుంది. ఒక్క మాట ఉండదు.

నెలాఖరు స్లిప్పులో ఆ గంటలు లేవు. ఒకామె ధైర్యం చేసి అడిగింది. "సార్, లోడొచ్చిన రోజు రాత్రిదాకా ఉన్నాం గదా?"

"మిమ్మల్ని ఉండమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు.

నిజమే, ఎవరూ చెప్పలేదు! నోటితో అడిగుంటే విన్నవాళ్లు సాక్ష్యం చెప్పేవాళ్లు. చూపుకు సాక్ష్యం ఎవరు చెబుతారు? చెప్పకుండా పని చేయించుకునేవాడికి రేపు కాదనే వీలు మిగులుతుంది, చేసినవాళ్లకు ఏమీ మిగలదు.

అదనపు గంటలకు రెట్టింపు కూలి అని 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌లలో వృత్తి భద్రత కోడ్ కూడా ఆ రెట్టింపును అట్టే ఉంచింది. పైగా ఓవర్‌టైమ్‌కు కార్మికుల సమ్మతి ఉండాలంది. ఇంటికి పోవడానికి ఉన్నది కంపెనీ బస్సు ఒక్కటే, అది సూపర్‌వైజరు ఊ అంటేగానీ కదలదు. అట్టాంటి చోట నోరెత్తకపోవడాన్ని అంగీకారం అనడానికి మనసెట్టా ఒప్పుతుందయ్యా మీకు?

ఇక మిగిలింది సైగ. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ మోతకు పక్కమనిషి మాటే వినపడదు. బ్లాకు పైకి లేచేటప్పుడు క్రేన్ ఆపరేటరు చూసేది కింద నిలబడ్డవాడి చేతినే. కిందివాడిది ఒడిశా కావచ్చు, పైనున్నవాడిది చీమకుర్తి కావచ్చు, చెయ్యి చూసే పని నడుస్తుంది. కానీ ఎత్తు, దించు, ఆపు, దేనికే సైగో ముందే చెప్పి నేర్పి ఉంటారు. అర్థంకాని సైగ కనపడితే ఆపరేటరు ఆపెయ్యాలి, ఊహించుకుని ఎత్తకూడదు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఎండకు మనిషి తూలడం చూసి, అడక్కుండానే నీడకు పంపించి, ఆ రోజు హాజరు పూర్తిగా వేసే మేస్త్రీలు ఉన్నారు. నేను చూశాను. వాళ్లమీద నాకెంతో గౌరవం. మాటల్లేకుండా గ్రహించడం పైనున్నవాళ్లు చెయ్యాల్సిన పని. ఈ ఫార్వర్డ్ ఆ బరువంతా తీసుకెళ్లి కిందివాళ్ల నెత్తిన పెట్టింది.

దీన్ని పంపినవాళ్లలో సూపర్‌వైజర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. లోడొచ్చిన రోజు ఒక పుస్తకం పెట్టండి. ఉంటారా అని ఒక్కొక్కరినీ నోటితో అడగండి. ఉన్నవాళ్ల పేరు, గంటలు రాసి సంతకం తీసుకోండి, సంతకం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించండి. ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఉండలేనన్నామెను బస్సెక్కనివ్వండి, మర్నాడు ఆమెకు వేరే మొహం చూపించకండి.