బామ్మర్దికి 64 కోర్లు కావాలంట

ఒకసారి చుట్టాలింట్లో పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి ఇచ్చినవాడు ఆ వంశానికి శాశ్వత ఇంజనీరు. ఆ పాపం నేను 2009లో చేశాను. అప్పట్నుంచి మా అత్తగారి వైపు ప్రింటర్ ఆగినా, టీవీలో ఛానల్ రాకపోయినా, ఆఖరికి ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయాలన్నా ఫోన్ నాకే. కాబట్టి మొన్న రాత్రి పదకొండింటికి మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, థ్రెడ్‌రిప్పర్ తీసుకుంటే ఎట్లుంటాది?" అని అడిగినప్పుడు నేనేం ఆశ్చర్యపోలేదు. మంచం మీద లేచి కూర్చున్నాను, అంతే. (థ్రెడ్‌రిప్పర్ అంటే ఏఎండీ కంపెనీ చేసే భారీ ప్రాసెసర్, కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్పు.)

మావాడికి తిరుపతిలో బైరాగిపట్టెడ వైపు ఒక ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాడు. మూడు కెమెరాలు, ఒక డ్రోన్ (కొండ మీద ఎగరేయకూడదు కాబట్టి పాపం అది కింద మండపాల చుట్టే తిరుగుతుంది), ఆల్బమ్ డిజైన్ చేసే అమ్మాయి ఒకరు, మిక్సింగ్ చేసే అబ్బాయి ఒకడు. ఉన్న కంప్యూటర్ వయసు ఎనిమిదేళ్లు. మూడు గంటల పెళ్లి వీడియో రెండర్ పెడితే, అంటే ఎడిట్ చేసిన ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలుగా వండటానికి పెడితే, రాత్రంతా తిరుగుతుంది, తెల్లారుజామున నాలుగింటికి కాస్త గాలి వీస్తుంది, కరెంటు పోతుంది, మళ్లీ మొదటికి. వాడి బాధ నిజమే, కాదనను. కానీ వాడు కోరుకున్న మందు మాత్రం దోమ కుట్టిందని సుదర్శన హోమం చేయించినట్టుంది.

ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని పాఠకులకు మనవి. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసరా, భారీ లెక్కలు చేసే మెషిన్లకు పెట్టే వర్క్‌స్టేషన్ ప్రాసెసరా అన్నది ఇప్పుడు అల్లుడు సాఫ్ట్‌వేరా, గవర్నమెంటా అన్నంత బరువైన ప్రశ్న. మొదటివాడు చురుకు, జీతం పర్లేదు, ఇంట్లో ఎక్కడైనా సర్దుకుంటాడు. రెండోవాడు వస్తే ఇల్లే మార్చాలి.

లెక్కలు చూడండి. మామూలు డెస్క్‌టాప్ చిప్పుల్లో పై వరసలో కూర్చునే రైజెన్ 9 9950ఎక్స్ 2024లో వచ్చింది. 16 కోర్లు (పనిచేసే చేతులు అనుకోండి), 32 థ్రెడ్లు (ఒకేసారి పట్టుకోగల పనులు), ఊపు మీదుంటే 5.7 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, విడుదలప్పటి ధర 649 డాలర్లు. మావాడు మనసు పారేసుకున్న థ్రెడ్‌రిప్పర్ 7980ఎక్స్ 2023 నవంబర్‌ది. 64 కోర్లు, 128 థ్రెడ్లు, ఎంత ఊపు మీదున్నా 5.1 దాటదు, విడుదలప్పటి ధర 4,999 డాలర్లు. అంటే దాదాపు ఎనిమిది రెట్ల డబ్బు కట్టి, ఒక్కో కోర్ దగ్గర కొంచెం తక్కువ వేగం కొనుక్కుంటాం అన్నమాట. ఇందులో వింతేముంది, పెద్ద కల్యాణ మండపానికి అద్దె ఎక్కువ, ఫ్యాన్ గాలి తక్కువ. ఇంకా పైన థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్ అని ఒక మహారాజు ఉన్నాడు, 96 కోర్లు, విడుదలప్పుడు 9,999 డాలర్లు. ఆ చివరి ఒక్క డాలర్ తగ్గించడం చూస్తే మన గాంధీ రోడ్డు బట్టల షాపులే గుర్తొచ్చాయి నాకు.

ఇదంతా రాసి వాట్సాప్‌లో పెట్టాను. మావాడు యూట్యూబ్ చూసి బాగా తయారై వచ్చాడు.

"బావా, డెస్క్‌టాప్‌లో మెమరీ ఛానళ్లు రెండేనంట. దాంట్లో నాలుగు, ప్రోలో అయితే ఎనిమిది!"

నిజమే, మెమరీ ఛానల్ అంటే ప్రాసెసర్‌కీ ర్యాంకీ మధ్య దారి. కానీ మన కొండకు ఉన్న ఘాట్ రోడ్లెన్ని నాయనా? 1944లో ఒకటి, 1974లో ఇంకొకటి. దిగడానికి ఒకటి, ఎక్కడానికి ఒకటి. బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చే జనమంతా ఆ రెండు ఛానళ్లలోనే పోయి వస్తుంటే, నీ దగ్గర నెలకు పడే ఆరు పెళ్లిళ్లకు ఎనిమిది కావాలా? పైగా ఆ థ్రెడ్‌రిప్పర్లకు రిజిస్టర్డ్ మెమరీయే వేయాలి, మామూలు ర్యాం స్టిక్కులు పనికిరావు. 2025 చివర్నుంచి ర్యాం ధరలు ఎక్కుతున్న తీరు చూస్తే నాలుగు స్టిక్కులు కొనాలన్నా నగల షాపు మెట్లెక్కుతున్నట్టే ఉంది.

తర్వాత పీసీఐఈ లేన్లు, అంటే గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) లాంటివి ప్రాసెసర్‌తో మాట్లాడే దారులు. ప్రోలో 128 ఉంటాయి. 9950ఎక్స్ కూర్చునే ఏఎం5 బోర్డులో మన వాడకానికి ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చేవి 24. గ్రాఫిక్స్ కార్డుకి 16, రెండు ఎస్‌ఎస్‌డీలకు నాలుగేసి, అయిపోయాయి. మావాడి దగ్గర ఉన్నది కూడా సరిగ్గా ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్‌ఎస్‌డీలు. మిగతా నూటనాలుగు లేన్లు దేనికిరా అంటే "ఉంటే మంచిదే గదా బావా" అన్నాడు. రేణిగుంట రోడ్డులో ప్లాట్లు కొని పడేసినవాళ్లు కూడా ఇదే మాట అంటారు.

ఈసీసీ దగ్గర మాత్రం నేను కాసేపు తగ్గాను. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు తగిలి మెమరీలో ఒక బిట్ సున్నా నుంచి ఒకటికి తిరగబడొచ్చు. అలాంటి ఒక్క బిట్ తప్పును పట్టుకుని అక్కడికక్కడే సరిదిద్దేది ఈసీసీ మెమరీ. రోజుల తరబడి ఆగకుండా లెక్కలు నడిపేవాళ్లకు అది ప్రాణం. ఏర్పేడు దగ్గర ఐఐటీలో ఎవరైనా విమానం రెక్క మీద గాలి ప్రవాహాన్ని లెక్కేస్తూ ఉంటే, నాలుగు గ్రాఫిక్స్ కార్డులు వరసగా పెట్టి మోడల్‌కి శిక్షణ ఇస్తూ ఉంటే, వాళ్లు వర్క్‌స్టేషన్ అడగాలి, అడగకపోతే తప్పు. మావాడి స్టూడియోలో పోయినేడు అచ్చైన ఒక ఆల్బమ్‌లో వధువు పేరు పక్కన వేరే పెళ్లి వరుడి పేరు పడింది. రెండు కుటుంబాలు వచ్చి కూర్చున్నాయి. ఆ తప్పు అంతరిక్ష కిరణాలది కాదు, కాపీ పేస్టుది. దాన్ని సరిదిద్దే మెమరీ ఇంకా రాలేదు.

"అయినా బావా, కోర్లు ఎక్కువుంటే పని తొందరగా అవతాది గదా?"

ఇక లాభం లేదని పెళ్లి వంటశాలకు తీసుకుపోయాను, మాటల్లోనే. లడ్డూలకు బూందీ దూసేవాళ్లను పదిమందిని పెట్టొచ్చు, చుట్టేవాళ్లను యాభైమందిని పెట్టొచ్చు. పాకం మాత్రం ఒకటే గంగాళం. అది తీగ పాకం వచ్చేదాకా యాభైమందీ చేతులకు నెయ్యి రాసుకుని నిలబడాల్సిందే. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు ఈ సంగతి 1967లోనే చెప్పాడు, లడ్డూలతో కాదు, లెక్కలతో. పనిలో 95 శాతం పంచుకోగలిగినదే అయినా, మిగతా 5 శాతం ఒక్కడే చేయాల్సి వస్తే, ఎన్ని వేల కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. ఆ లెక్కన 16 కోర్లు పెడితే సుమారు తొమ్మిది రెట్లు, 64 పెడితే పదిహేను రెట్లు. కోర్లు నాలుగింతలు, డబ్బు ఎనిమిదింతలు, ఫలితం రెండింతలు కూడా లేదు.

మావాడు శ్రద్ధగా విని, "ఆయన పెళ్లిళ్లు తీసినాడా?" అని అడిగాడు.

ఆదివారం ఇద్దరం చిత్తూరు పోయాం. అక్కడ వాడికి తెలిసిన ఒక స్టూడియోలో అప్పటికే వర్క్‌స్టేషన్ మెషిన్ దిగింది. ఏ కంపెనీదో అడక్కండి, తప్పు మెషిన్‌ది కాదు కాబట్టి చెప్పను. లోపలికి అడుగు పెట్టగానే చలి. ఏసీ పద్దెనిమిదిలో ఉంది, మనుషుల కోసం కాదు. గాజు తలుపు కేబినెట్, లోపల ఏడు రంగుల లైట్లు, పైన పసుపు కుంకుమ బొట్లు, మూలన ఒక నిమ్మకాయ. ఓనరు గర్వంగా టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు, ప్రాసెసర్‌లో ఎక్కడెంత పని జరుగుతోందో చెప్పే తెర అది. తెర నిండా చిన్న చిన్న గళ్లు, 64. ఫోటోషాప్‌లో ఆల్బమ్ పేజీ ఏదో సేవ్ అవుతోంది. ఎడమ వైపు పై మూల గడిలో గీత ఒకటి ఎగిరెగిరి పడుతోంది, పక్క గడిలో కొంచెం కదలిక ఉంది, తక్కినవన్నీ నున్నగా నేల మీద పడుకుని ఉన్నాయి. బంతిలో వడ్డించేవాడు ఒక్కడు, సాంబారు అటు రాలేదని వేలు చూపించే మేనమామలు అరవైమంది.

తర్వాత మూడు కెమెరాల క్లిప్పులు ఒకేసారి టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కాడు. పెళ్లికొడుకు తాళి కట్టడానికి చెయ్యెత్తాడు. ఆగాడు. కొంచెం ముందుకు వచ్చాడు. మళ్లీ ఆగాడు. మూడు ముళ్లు పడటానికి పదకొండు విడతలైంది, ముహూర్తం దాటిపోయి ఉంటుంది. వెనకాల రిసెప్షన్ టేబుల్ మీద బిల్లులు కొట్టే ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, మామూలు ఇంటెల్‌ది, కీబోర్డు మీద కాఫీ మరక. అవే క్లిప్పులు అందులో వేసి చూశాం. తాళి ఒక్క దెబ్బలో పడిపోయింది.

మాయేం లేదు. ఇప్పటి కెమెరాల్లో చాలా వాటితో 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీలో తీయొచ్చు, అంటే రంగుల వివరం ఎక్కువ ఉంచి ఫైలును గట్టిగా మడిచిపెట్టే వీడియో పద్ధతి. దాన్ని విప్పి చూపించే సర్క్యూటు పదకొండో తరం నుంచి వచ్చిన ఇంటెల్ చిప్పుల్లో, లోపలున్న చిన్న గ్రాఫిక్స్‌లోనే ఉంటుంది, దాన్నే క్విక్ సింక్ అంటారు (పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న చిప్పు కొంటే ఆ గ్రాఫిక్సే ఉండదు, చూసి కొనండి). వర్క్‌స్టేషన్ వైపు థ్రెడ్‌రిప్పర్ అయినా, ఇంటెల్ వాళ్ల పెద్ద జియాన్ డబ్ల్యూ చిప్పులైనా లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఎన్విడియా జీఫోర్స్ గ్రాఫిక్స్ కార్డులకు ఈ 4:2:2 విద్య 2025లో 50 సిరీస్‌తోనే వచ్చింది, ఈయన దగ్గరున్నది అంతకుముందుది. అందుకని పాపం ఆ కోర్లన్నీ ప్రతి ఫ్రేమునూ చేత్తో విప్పుతూ కూర్చున్నాయి, ఏనుగుతో సూదిలో దారం ఎక్కించినట్టు.

ఇంత జరిగినా ఓనరు మొహంలో చిన్న ముడత కూడా లేదు. మాకు టీ తెప్పించి, నా వైపు జాలిగా చూసి, "సార్, కస్టమర్లు స్పీడెంత అని అడగరు. కోర్లు ఎన్ని అని అడగతా ఉండారు. బోర్డు మీద వర్క్‌స్టేషన్ మిక్సింగ్ అని రాయించినాక ప్యాకేజీ ఇరవై వేలు పెంచినా, ఒక్కరూ బేరం ఆడలే" అన్నాడు.

అప్పుడు నా కళ్లు తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ నేను ప్రాసెసర్‌ను లెక్కలు చేసే యంత్రం అనుకుంటున్నాను. ఇది గుర్రం మీద పెళ్లికొడుకు ఊరేగింపు లాంటిది. గుర్రం ఎంత వేగంగా పరిగెడుతుందని ఎవడైనా అడుగుతాడా? 350 వాట్లు తాగే చిప్పు అంటే మామూలువాళ్లకు కరెంటు బిల్లు, మనకు హోదా. మే నెల తిరుపతిలో బయట 42 డిగ్రీలు ఉండగా లోపల రూమ్ హీటర్ పెట్టుకోగలిగినవాడిని చూసి పిల్లనిచ్చేవాళ్లు కూడా గౌరవిస్తారు. బోర్డుకే ఒక స్కూటీ డబ్బులు పోతాయి, ఆ స్కూటీ ఉంటే పెట్రోలు ఖర్చు కదా, అదీ మిగిలినట్టే.

తిరుగు ప్రయాణంలో కాణిపాకంలో దండం పెట్టుకుని వస్తుండగా మా బామ్మర్ది నిర్ణయం ప్రకటించాడు. వాణ్ణి నేను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశాను. ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కె, మామూలు డెస్క్‌టాప్‌దే, 24 కోర్లు, లోపల గ్రాఫిక్స్ ఉంది, తాళి ఆగకుండా పడుతుంది. మిగిలిన డబ్బుతో కొంచెం పెద్ద యూపీఎస్, పాతది రెండర్ మొదలవగానే కీచుమని ఆరిపోయేది. ఇంకా మిగిలిన దాంట్లోంచి చిత్తూరు మెషిన్ కంటే రెండు ఫ్యాన్లు ఎక్కువున్న గాజు కేబినెట్. స్టూడియో బయట కొత్త ఫ్లెక్సీ, దాని మీద బంగారు రంగు అక్షరాలతో "వర్క్‌స్టేషన్ మిక్సింగ్". ఇది అబద్ధం కదరా అంటే, "వర్కు చేసే స్టేషనే గదా బావా, పోలీస్ స్టేషనా?" అన్నాడు. ఎన్ని కోర్లని ఎవరైనా అడిగితే మాత్రం పైనున్న స్వామికి తెలుసన్నట్టు కొండ వైపు చూస్తాడు.

రాత్రంతా తిరిగే రెండర్ ఇప్పుడు మిక్సింగ్ అబ్బాయి టిఫిన్‌కి పోయి వచ్చేలోపు అయిపోతోంది. మొన్న అటు వైపు పనుంటే స్టూడియోకి పోయాను. మెషిన్ ఖాళీగా ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. పనేం లేదా అన్నాను. పోయిన మాఘంలో జరిగిన ఒక పెళ్లిది ఆల్బమ్ పెండింగ్ ఉందని చెప్పాడు. మొత్తం 6,200 ఫోటోలు, అందులోంచి 300 ఏరి ఇవ్వమని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. అమ్మాయి వాళ్లు ఏరారు, అబ్బాయి అక్క కాదంది, ఇద్దరికీ నచ్చినవి పెద్ద మేనమామ చూసి సరే అనాలి, ఆయన బెంగళూరులో ఉన్నాడు, పెన్‌డ్రైవ్ ఆయన కారు డ్యాష్‌బోర్డులో ఉంది. ఎనిమిది నెలలైంది.

మేం మాట్లాడుతుండగానే ఆ జంట లోపలికి వచ్చారు. ఆల్బమ్ కోసమేమో అని మావాడు గబుక్కున లేచి నిలబడ్డాడు. కాదు, వచ్చే శుక్రవారం సీమంతం, ఎన్ని కెమెరాలు పెడతారో కనుక్కుందామని వచ్చారు.