సర్జన్‌ని ఆఖర్న కాదు, మొదటి రోజే పిలవాలి

పెద్దపేగు పూత మీద మీ వ్యాసం బాగుంది కానీ, "మందులు పనిచేయకపోతే చివరికి సర్జన్ దగ్గరికి పంపుతారు" అన్న మాట నాకు నచ్చలేదు.

మాది రాజోలు దగ్గర పల్లె. మా బావమరిదికీ అదే జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడటం). రెండేళ్ల కిందట రోజుకు 10, 12 సార్లు నెత్తురు విరేచనాలు. ఊళ్లో మొలలన్నారు, విరేచనాలు ఆగే బిళ్లలిచ్చారు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఆ బిళ్లలతో పేగు ఉబ్బిపోవచ్చని తర్వాత తెలిసింది. కాకినాడ చేరేసరికి జ్వరం, నాడి 110.

అక్కడ మొదటి రోజే గ్యాస్ట్రో (పొట్ట, పేగుల) డాక్టరు, సర్జన్ ఇద్దరూ కలిసి వచ్చారు. సర్జన్‌ని చూడగానే మా ఆవిడ ఏడుపు మొదలెట్టింది. "కొయ్యడానికి రాలేదమ్మా, మూడో రోజుకి తగ్గకపోతే ఏం చేయాలో ఇప్పుడే అనుకుంటున్నాం" అన్నారాయన. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, పొట్ట ఎక్స్‌రేలు (పేగు 6 సెంటీమీటర్లు దాటి ఉబ్బితే ప్రమాదమట), పైగా హెపారిన్. నెత్తురు పోతుంటే రక్తం పల్చబడే మందేమిటని నేను గొడవపడ్డాను కూడా! ఈ జబ్బులో కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు ఎక్కువని ఓపిగ్గా చెప్పారు.

మూడో రోజుకీ తగ్గలేదు. పేగు వాపుని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఎక్కించారు. దానికి ముందు చేయాల్సిన టీబీ పరీక్షలు చేరిన రోజే పంపారు కాబట్టి ఒక్క పూట కూడా వృథా కాలేదు.

మావాడికి ఆపరేషన్ తప్పింది. పక్క మంచం పెద్దాయనకు తప్పలేదు. ఆయన ఇప్పుడు పొట్టకు (మలం పడే) సంచితోనే కొబ్బరి దింపు దగ్గర నిలబడి కాయలు లెక్కపెట్టిస్తున్నాడు.